గాదెలను పెద్దవి చేయుట

లూకా సువార్త పండ్రెండవ అధ్యాయమున చెప్పబడిన ధనవంతుని కథను మన పాఠశాలలో విననివారుండరు. పంట విస్తారముగా పండగా, ఉన్న కొట్లు చాలక, అంతకంటె పెద్దవి కట్టుకొన నెంచిన యాతడు ఆ రాత్రియే లోకమును విడిచెను. గడచిన వేసవి సెలవులలో మేమును గాదెలను పెద్దవి చేయ బూనుకొంటిమి. మాకు ప్రాణభయ మేమియు కలుగలేదు గాని, మే నెలలో ఒక దినమున ఉదయము తొమ్మిది గంటలు మొదలుకొని మధ్యాహ్నము రెండు గంటల వఱకు మేము పడిన సంకటము ఇంతింత యని చెప్పలేము. వార్షిక సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు అడిగినప్పుడు, ఆ సంగతినే ఉన్నదున్నట్లు చెప్పుట మేలని తోచినది.

పాత బంగళా మెట్ల క్రింది చిన్న గదిని పూర్వ విద్యార్థులందఱు నెఱుగుదురు. హాస్టలు బియ్యము, కందిపప్పు, చింతపండు అక్కడనే యుండెడివి. ఇప్పు డా గదిలో మూడు యంత్రములున్నవి. ఒక్కొక్క యంత్రమునకు నాలుగు అఱలు. ఒక్కొక్క అఱలో నొక డిస్కు. బియ్యపు బస్తాలుండిన చోట మన పాఠశాల జ్ఞాపకమంతయు నున్నదని చెప్పవచ్చును. ప్రవేశపు రిజిస్టర్లు, మార్కుల పుస్తకములు, వార్షికోత్సవముల ఛాయాచిత్రములు, ఉపాధ్యాయులు తీసిన పాఠముల వీడియోలు, ఇవి గాక చుట్టుపట్ల సంఘములవారు దాచుమని యిచ్చిన బాప్తిస్మపు రిజిస్టర్ల ప్రతులు, అన్నియు నందే గలవు.

ఇంత స్థలమెందుకని తలిదండ్రులు కొందఱు మమ్మడిగిరి. ప్రవేశపు రిజిస్టరు పుట యొకటి ఏ-3 కాగితమంత యుండును. దానిని అంగుళమునకు 600 చుక్కల చొప్పున రంగులతో స్కాను చేసినచో అడ్డముగా 7,016 చుక్కలు, నిలువుగా 9,921 చుక్కలు వచ్చును. చుక్కకు 3 బైట్లు. ఎనిమిదవ తరగతి పిల్లలైనను గుణించి చూడవచ్చును: ఇంచుమించు 209 మెగాబైట్లు. 1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. వారు చేసిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెను, పట్టునది 50 లక్షల అక్షరములు. మన రిజిస్టరులోని ఒక్క పుటకు అట్టి యంత్రములు నలుబదికి పైగా కావలసి యుండెడివి! ఇంత సూక్ష్మముగా స్కాను చేయుట దుబారా యని మా తోటి ఉపాధ్యాయు లొకరు మొదటినుండియు అనుచుండిరి. మేమును ఒకానొకప్పుడు అట్లే తలంచితిమి. ఆ తలంపు ఎట్లు పోయినదో ముందు చెప్పెదము.

ఆ రిజిస్టర్ల కష్టములు వేఱు. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో కార్యాలయపు పైకప్పు పెంకులు లేచిపోయి, పుస్తకములన్నియు తడిసినవట. నాటి పెద్దలు ఒక్కొక్క పుటను విప్పి ఎండలో నారబెట్టి కాపాడిరి. వారు కాపాడినదానిని మేము కాపాడలేకపోతిమి. స్కాను చేసిన పిమ్మట, ఇక భయము లేదని అలమరలో పెట్టి తాళము వేసితిమి. రెండేండ్లు ఆ తాళము తీయలేదు. తీసి చూచునప్పటికి 1971కి ముందటి నాలుగు పుస్తకములు చెదలు తిని మట్టియై యుండెను. తాళము మా యొద్దనే యుండెను గనుక తప్పు మాదే. అది మొదలు ఆ నాలుగు పుస్తకములు మెట్ల క్రింది గదిలో మాత్రమే యున్నవి.

ఒక్క పెద్ద యంత్రము చాలదా, మూడేల యని మఱికొందఱి ప్రశ్న. దీనికి ఆదికాండములో యోసేపు చేసినది చూడుడు. ఏడేండ్ల పంటను అతడు ఒక్క మహాగాదెలో పోయింపలేదు. ఊరూరను నిలువ చేయించెను. ఒకచోట నిప్పు పడినను, నీరు పడినను వేఱొకచోట గింజలుండును. మా యంత్రములలో పనిచేయు నిల్వ పద్ధతికి సెఫ్ అని పేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంతాక్రూజు శాఖలో సేజ్ వీల్ అనువారు తమ డాక్టరు పట్టపు పరిశోధనగా దీనిని నిర్మించిరి. 2006లో దీనిని గూర్చిన వ్యాసము వెలువడినది. దీనిని ఎవరైనను వెల యీయకయే వాడుకొనవచ్చును. తలనుండియే చేతులు మొలచిన ఆక్టోపస్ మొదలగు సముద్ర జీవుల జాతికి సెఫలోపాడ్ అని పేరు గదా, ఆ పేరునుండి ఈ పేరు పుట్టినది.

ఈ పద్ధతిలో ప్రతి దస్త్రమును 4 మెగాబైట్ల ముక్కలుగా కోయుదురు. ముక్కలన్నియు 512 గుంపులలో చేరును. ప్రతి గుంపునకును మూడు ప్రతులు, యంత్రమునకొకటి చొప్పున. ఏ ముక్క యెక్కడ నున్నదో వ్రాసికొను పెద్ద పుస్తకము మాత్రము లేదు. ముక్క పేరును ఒక లెక్కలో వేసినచో, అది యే డిస్కున నుండవలెనో ఆ లెక్కయే చెప్పును. ఉదయపు ప్రార్థనకు గంట కొట్టగానే మన పిల్లలు ఎవరినీ అడుగకయే తరగతినిబట్టి, ఎత్తునుబట్టి తమ వరుసలలో నిలుచుట లేదా? అట్టిదే. ఈ లెక్కలో ప్రతి డిస్కునకును ఒక బరువు గలదు. తలాంతుల ఉపమానములో ఒకనికి ఐదు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి యిచ్చినట్లు, డిస్కు ఎంత పెద్దదో దానికి అంత పాలు పడును. 4 టెరాబైట్ల డిస్కు బరువు 3.64, 12 టెరాబైట్లదాని బరువు 10.91. నాలుగు 3.64 ఎట్లయ్యెనని అడుగవచ్చును. అమ్మువారు వేయింటితో లెక్కించెదరు, యంత్రము 1,024తో లెక్కించును. సెల్ఫోను కొన్నప్పుడు పెట్టెమీద వ్రాసినంత స్థలము లోపల కనబడకుండుటకు ఇదియు నొక కారణము. అంగడివానిమీద కోపపడ పనిలేదు.

పండ్రెండు డిస్కులు, నాలుగేసి టెరాబైట్లు, వెరసి 48. మూడు ప్రతులు గనుక నిజమైన నిల్వ 16 మాత్రమే. గత ఫిబ్రవరి నాటికి అందులో 12.5 నిండెను, అనగా నూటికి 78. అయితే లెక్క ఎంత నిష్పక్షపాతమైనను పాళ్లు సరిసమానముగా పడవు. సగటు 78 అయినను ఒక డిస్కు 86 వఱకు నిండెను. 85 దాటిన వెంటనే యంత్రము హెచ్చరించును. 90 దాటిన డిస్కు ఇతర డిస్కులనుండి వచ్చు ప్రతులను చేర్చుకొనదు. 95కు ఒక్క డిస్కు చేరినను చాలును, తక్కినవి ఎంత ఖాళీగా నున్నను వ్రాత యంతయు నిలిచిపోవును. అట్టి సమయమున ఒక పూర్వ విద్యార్థి, తమ పేరు చెప్పవలదని కోరి, 12 టెరాబైట్ల డిస్కులు నాలుగు కొనుటకు సొమ్ము పంపిరి.

నాలుగింటిని ఒకే యంత్రములో వేసిన పని యొక్క సారిగా తీరునని మేము తలచి, ఆ సంగతి బల్లమీద వ్రాసి లెక్క కట్టుచుంటిమి. సెలవులకు ఇంటికి పోని హాస్టలు పిల్లలలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె గుమ్మములో నిలిచి చూచుచుండెను. “మాష్టారండీ, మూడు చోట్లా ఒక్కో ప్రతి ఉండాలన్నారు గదండీ. అట్లాగైతే చిన్నదానిలో ఎంత పడితే అన్నిట్లోనూ అంతే గదండీ పట్టేది?” అని అడిగెను. నిజమే. ఒక యంత్రము 48, తక్కిన రెండును 16 అయినచో నిల్వ 16 దగ్గఱనే నిలుచును. మిగిలిన 32 గాలికి పోవును. ముక్కాలిపీటకు ఒక కాలు మాత్రమే పొడుగు చేసినట్లగును. ఆమె బల్లమీది మా లెక్కను తుడిచి, యంత్రమునకొక పెద్ద డిస్కు చొప్పున వేసి, నాలుగవదానిని విడిగా దాచినట్లు వ్రాసెను. యంత్రమునకు మూడు పాతవి, ఒక క్రొత్తది: 24. నిల్వ 16 నుండి 24 అగును.

ఇక అఱల చిక్కు. నాలుగు అఱలును నిండియున్నవి; క్రొత్తదానిని పెట్టవలెనన్న పాతదానిని తీయవలెను. ముందుగా పాతదాని బరువును సున్న చేసి, అందులోని సరకును ప్రక్క డిస్కులకు తరలించి, ఖాళీ అయిన పిమ్మట తీయుట మర్యాద. మాకు ఆ వీలు లేకపోయెను. యంత్రములు మూడే గనుక ప్రతి యంత్రమును సర్వమును మోయవలెను: 12.5 టెరాబైట్ల సరకు, మూడు డిస్కులలో 12. పట్టదు! కావున నిండుగా నున్నదానిని అట్లే ఊడదీసి, క్రొత్తదానిని పెట్టి, తక్కిన రెండు యంత్రములలోని ప్రతులను చూచి దానిని నింపుకొనుమని చెప్పుటయే మార్గము. ఆ నింపుట ముగియువఱకు, తీసిన డిస్కులో నున్న గుంపులకు మూడు గాక రెండే ప్రతులుండును.

మఱియొక జాగ్రత్త. డిస్కు కనబడకుండ పోయినచో సెఫ్ పది నిమిషములు ఓపిక పట్టును. ఆ పిమ్మట అది చచ్చినదని తీర్మానించి, దాని పాళ్లను ప్రక్కవారికి పంచ మొదలిడును. చోటు లేని యింట ఆ పంపకము మొదలైనచో అన్నియు గొంతువఱకు నిండి ఆగిపోవును. అట్లు పంచవద్దని ముందుగా నిషేధాజ్ఞ యొకటి యిచ్చుకొనవలెను. నోఅవుట్ అని దాని పేరు. దానిని యిచ్చి, ఒక సోమవారము సాయంకాలము నాలుగు గంటలకు మొదటి యంత్రములోని డిస్కు నొకదానిని తీసి, పెద్దదానిని పెట్టితిమి. దానికి తొలుత 10.91 బరువు ఈయక, తీసినదానికి సమానముగా 3.64 మాత్రమే యిచ్చితిమి. ముందు ప్రతులు మూడు కావలెను, పెద్దపాలు తరువాత. ఇంతవఱకు మేము చేసినదంతయు సరిగనే యున్నది.

మఱునాటి ఉదయము ఏడు గంటలకు చూడగా, ప్రతులు తక్కువగా నున్న సరకు నూటికి 2 అని యంత్రము చూపెను. తొంబది యెనిమిది పాళ్లు తీరినది, రెండు మిగిలినది, ఇంక భయమేమి యని సంతోషించితిమి. ఎండ ముదురక మునుపే రెండవ యంత్రపు పనియు కానిత్తమని, తొమ్మిది గంటలకు దానిలోని డిస్కును ఊడదీసితిమి.

ఇరువది యేండ్లుగా పిల్లలకు శాతములు నేర్పుచున్న మేము, దేనిలో నూటికి రెండు అని అడుగ మఱచితిమి. ఆ లెక్క మొత్తము ప్రతులలో. ఒక డిస్కు తీసినప్పుడు పోవునది పండ్రెండింట నొకవంతు, అనగా నూటికి 8.33. కాబట్టి రెండు మిగిలినదన్న, క్రొత్త డిస్కులో ఇంచుమించు నాలుగింట నొక పాలు ఇంకను నిండలేదని యర్థము. ఆ నిండని గుంపులకు రెండే ప్రతులు, రెండవ యంత్రములో నొకటి, మూడవదానిలో నొకటి. ఆ రెండవ యంత్రములోని డిస్కునే మేమిప్పుడు ఊడదీసితిమి. ఎనిమిది గుంపులకు ఒక్కొక్క ప్రతియే మిగిలెను.

ఒక్క సాక్షి మాటను నమ్మి తీర్పు తీర్చరాదని ద్వితీయోపదేశ కాండములో గలదు. సెఫ్ నియమమును అదియే. మూడు ప్రతులలో రెండైన నున్నగాని ఆ గుంపును తెఱవనీయదు, చదువనీయదు, వ్రాయనీయదు. 512 గుంపులలో 8 మూతపడినవి. అదెంత యనుకొందురేమో. మేమును తొలుత అట్లే యనుకొంటిమి. కాని 209 మెగాబైట్ల పుట యొకటి 50 ముక్కలై 50 చోట్ల నుండును. వానిలో నొక్కటి మూతపడిన గుంపులో నున్నను పుట తెఱచుకొనదు. ఆ లెక్క వేసి చూడగా, సగమునకు మించిన పుటలు చిక్కుకొన్నట్లు తేలెను.

సరిగా ఆ సమయమున కార్యాలయపు బంట్రోతు వచ్చి, వేపచెట్టు క్రింద ఒక ముసలమ్మగారు కూర్చున్నారని చెప్పెను. సముద్రపు ఒడ్డు పల్లెనుండి రెండు బస్సులు మాఱి వచ్చిరట. ఆమె మన పాఠశాలలో ఐదవ తరగతి వఱకు చదివిన వారు. ఆధారు కార్డులో ఆమె పుట్టిన సంవత్సరము 1971 అని పడినది. వృద్ధాప్య పింఛనుకు పోగా, వయస్సు చాలదనిరి. తేదీ దిద్దవలెనన్న చదివిన బడినుండి దాఖలా తెమ్మనిరి. “బాబూ, నాకు అరవై ఐదు దాటినై. నా కంటే చిన్నోళ్లు తీసుకుంటన్నారు. ఈ కాగితం కోసం ఇది మూడోసారి రావటం” అని యామె చెప్పినది. మొదటి రెండు మార్లును సెలవు దినములగుటచే కార్యాలయము మూసియుండెను. ఆమె 1964లో చేరితినని చెప్పగానే మాకు గుండె జల్లుమన్నది. ఆ పుస్తకము చెదలు తినిన నాలుగింటిలో నొకటి.

పుట తెఱువ బోతిమి. పై యంచు మూడు వ్రేళ్లంత కనబడి ఆగిపోయెను. మఱల ప్రయత్నించితిమి, అంతే.

ఈ యంత్రములను మాకు నెలకొల్పి యిచ్చిన పూర్వ విద్యార్థి హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నారు. వారికి ఫోను చేసితిమి. పని గంటలలో నుండిరి గనుక పదునొకండు దాటిన పిమ్మట గాని దొరకలేదు. అంతా విని, ఒకే ప్రశ్న వేసిరి: “మాష్టారూ, ఇప్పుడు తీసిన డిస్కును చెరపలేదు గదా?” చెఱపలేదు. “అయితే భయం లేదండి. దాన్నే తీసుకొచ్చి అదే అరలో పెట్టేయండి.” ఎంత సులభము! దానిలోని ప్రతులు చెక్కుచెదరక యున్నవి. అది తిరిగి వచ్చినచో ఎనిమిది గుంపులకును రెండవ సాక్షి దొరకును. అటు తరువాత వారు మాతో మఱియొక మాటయు ననిరి గాని, గురువుగారిని శిష్యులు మందలించిన మాటను పత్రికలో నెక్కించుట యేల?

కాని యే డిస్కు? నిన్న తీసినదియు, నేడు తీసినదియు మేజాబల్లమీదనే యుంచితిమి. చీటి యంటింపలేదు. నడుమ ఆయమ్మ వచ్చి బల్ల తుడిచి రెండింటిని ఒద్దికగా ఒకదానిమీద నొకటి పేర్చి పోయెను. ఒకే చేత, ఒకే రంగు, ఒకే యెత్తు. యంత్రములోని పట్టికలో ప్రతి డిస్కునకును వరుస సంఖ్య గలదు గాని, డిస్కు చీటిమీది యక్షరములు ఆవగింజలంత. మా కన్నులకు అందలేదు. మునుపటి బాలికనే పిలిచితిమి. ఆమె కిటికీ దగ్గఱకు తీసికొనిపోయి ఒక్కొక్క యక్షరము చదువగా, మేము పట్టికలో సరిచూచితిమి. పైది కాదు, క్రిందిది. ఆ వరుస సంఖ్యలో నొక సున్న యుండెనా, ఓ అను ఇంగ్లీషు అక్షర ముండెనా యని ఇద్దఱము కొంత వాదించితిమి. ఆ సందేహము మఱొక పావుగంట తినివేసెను.

డిస్కు అఱలోనికి జారి టక్కుమని కూర్చుండెను. తిరుగుట మొదలిడిన సన్నని ధ్వని వినబడెను. మూడు నాలుగు నిమిషములకు మూతపడిన గుంపులు ఎనిమిది ఐదయ్యెను, ఐదు ఒకటయ్యెను, ఒకటి సున్న యయ్యెను. గడియారము చూచితిమి, రెండు కావచ్చినది. ముసలమ్మగారికి హాస్టలులో అన్నము పెట్టించితిమి గాని, మేము తినలేదని అప్పుడు జ్ఞాపకము వచ్చినది.

పుట పూర్తిగా తెఱచుకొనెను. తుపానునాటి నీటి మరక అడ్డముగా నున్నది. వరుస నడుమ ఆమె పేరు, తండ్రి పేరు, వృత్తి చేపలవేట, పుట్టిన సంవత్సరము 1958. కుడివైపు గడిలో సంతకమునకు బదులు తండ్రి వేలిముద్ర. దాఖలాకు కావలసినంత దొరకెను గనుక మేము వ్రాయ మొదలిడితిమి. ఆమె మాత్రము తెఱవైపే చూచుచు, “అది మా అయ్యదా?” అని యడిగిరి. ఔనంటిమి. ఆమె తండ్రి 1977 తుపానులో పోయిరట. ఇంట ఫోటో యొక్కటియు లేదు. ఆనాటి ఉప్పెనకు ఇల్లే మిగులలేదు. ఆ బాలిక ముద్రను పెద్దది చేసి చూపెను. అంగుళమునకు 600 చుక్కలు గదా. గీతలన్నియు విడివిడిగా కనబడినవి, వలత్రాటికి కోసికొన్న మచ్చ యొకటి అడ్డముగా కనబడినది. “కుడిచేతి బొటనవేలు. ఆ మచ్చ నాకు తెలుసు” అని యామె వేలితో తెఱను ముట్టిరి. దాఖలాతోపాటు ఆ ముద్రను మంచి కాగితముమీద అచ్చు తీసి యిచ్చితిమి. స్కాను దుబారా యన్న మా మిత్రులు అప్పుడు గదిలోనే యుండిరి. ఆ ప్రసంగము వారు మఱల తేలేదు.

తక్కిన పని నిదానముగా జరిగినది. మొదటి యంత్రములో ప్రతులన్నియు మూడై, యంత్రము ఆకుపచ్చ చూపిన పిమ్మటనే రెండవదానిని ముట్టితిమి. దాని పిమ్మట మూడవది. ఊడదీసిన ప్రతి డిస్కుకును తీసిన నిమిషమే చీటి యంటించితిమి. అన్నియు కుదుటపడిన వెనుక పెద్ద డిస్కుల బరువును మెట్టుమెట్టుగా 10.91 వఱకు హెచ్చించితిమి. మెట్టుమెట్టునకు సరకు తరలుచు, గది వేడెక్కుచుండెడిది; హాస్టలునుండి బల్లపంకా నొకదానిని తెచ్చి పెట్టితిమి. జూన్ రెండవ వారమునకు ముగిసినది.

అంతయు ముగిసినదని సంబరపడుచుండగా ఆ బాలిక మఱల బల్ల దగ్గఱకు వచ్చెను. “మాష్టారండీ, ఆ పెద్దదే పోతేనండీ?” అనెను. మేము మాటాడలేదు. ఇప్పుడు ఒక్కొక్క యంత్రపు సరకులో సగము ఒక్క పెద్ద డిస్కులోనే యున్నది. అది పోయినచో, మిగిలిన మూడింటిలో పట్టునది 12, సరకు 12.5. మునుపు ఒక చిన్నది పోయినప్పుడు ఎట్లు చోటు చాలదో, ఇప్పుడు పెద్దది పోయినను అట్లే చాలదు. పైపెచ్చు పోవునది రెట్టింపు. వేగములోను లాభము లేదు. పెద్దదైనను పళ్లెములు నిమిషమునకు 7,200 చుట్లే తిరుగును, చదువు చేయి యొక్కటే. అడుగువారిలో సగముమంది దాని గుమ్మము దగ్గఱనే వరుస కట్టుదురు. యంత్రమునకు 8 టెరాబైట్లవి రెండేసి చొప్పున ఆఱు కొనియుండిన నిల్వ అదే 24 అయ్యెడిది, భారము ఇద్దఱిమీద పడియుండెడిది. ఈ సంగతి కొనకముందు తోచలేదు. అలమరలో దాచిన నాలుగవ డిస్కే ఇప్పటికి మా ధైర్యము. ఈ యేడు మఱి మూడు పెద్దవి సమకూరినచో, యంత్రమునకు రెండేసి యగును. అప్పు డొకటి పోయినను మిగిలినవానిలో 20 పట్టును. ఇది చందా యడుగుట కాదు. లెక్క చెప్పుట మాత్రమే.

ఇంకొక తెలివితక్కువ బయటపడినది. మూడు ప్రతులున్నవి గదా యని ఇన్నాళ్లు నిశ్చింతగా నుంటిమి. ఆ మూడును ఒకే గదిలో, ఒకే కప్పు క్రింద, ఒకే తాళమునకు లోబడి యున్నవి. ఎవరైన పొరబాటున ఒక దస్త్రమును తుడిచివేసినచో మూడుచోట్లను ఒక్క క్షణమున తుడిచిపోవును. కాబట్టి ఊడదీసిన మూడు చిన్న డిస్కులను పరీక్షించి, చక్కగా నున్నవి రెండింటిలో ప్రవేశపు రిజిస్టర్లను, బాప్తిస్మపు రిజిస్టర్లను వేఱుగా నెక్కించితిమి. ఒకటి మిషను కార్యాలయపు ఇనుప పెట్టెలో నున్నది. రెండవది సముద్రమునకు దూరముగా, మెట్టప్రాంతములోని ఒక సంఘమువారి యొద్ద నున్నది. ఆఱు నెలల కొకసారి తెప్పించి, తిప్పి చూచి, క్రొత్తవి చేర్చి పంపుచున్నాము. మూడవ డిస్కు నడుమ నడుమ గీరుచున్నట్లు చప్పుడు చేయుచున్నందున, దానిని విప్పి సైన్సు గదిలో పెట్టితిమి. అద్దమువంటి ఆ పళ్లెములను ఆఱవ తరగతి పిల్లలు ముఖము చూచుకొనుటకు వాడుచున్నారని వినుచున్నాము. పూర్వము డిస్కు పళ్లెములకు పూసిన పూత ఇనుప తుప్పు జాతిదే. తుప్పు తినివేయు ధనమును గూర్చి ఆదివారము ప్రసంగము విని, సోమవారము తుప్పుమీదనే ధనము దాచిన కాలమొకటి గడచినది!

పూర్వ విద్యార్థులకును, తలిదండ్రులకును ఒక మనవి. మీ యిండ్ల పెట్టెలలో మన పాఠశాల తరగతి ఫోటోలు, నాటకముల ఫోటోలు, పాత వార్షిక సంచికలు, ముఖ్యముగా 1971కి ముందటివి, ఉన్నచో దయచేసి తెండు. ఉదయము తెచ్చినవానిని స్కాను చేసి సాయంకాలమునకే తిరిగి యిచ్చెదము. శనివారము ఉదయము పది గంటలనుండి మేము మెట్ల క్రింది గదిలోనే యుందుము.